చూడాల్సినవన్నీ టూరెళ్లాయి

ఫాల్గుణం రాగానే హైదరాబాదు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులకు అడవి మీద మనసు పుడుతుంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరి కొండపల్లి అడవి, దారిలో జగ్గయ్యపేట, నందిగామ పల్లెలు చూసి రాత్రికి ఇల్లు చేరాలని తీర్మానం. రండి. కాకపోతే ముందే ఒక మాట: మీరు చూడబోయేవి చాలావరకు మీకన్నా ముందే ప్రయాణం కట్టాయి. చివరికి జిల్లా కూడా. కృష్ణాలో పుట్టిన మేం 2022 ఏప్రిల్లో కాలు కదపకుండానే ఎన్టీఆర్ జిల్లాకు చేరాం.

జగ్గయ్యపేటలో ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో బర్జెస్ దొర వెలుగులోకి తెచ్చాడు. అక్కడి శిల్పాలు చూడాలంటే మాత్రం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి టికెట్ తీయాలి. టూరెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు.

మా చుట్టుపక్కల సున్నపురాయికి పెట్టింది పేరు. దాన్ని చూడ్డానికి ఇంత దూరం రావడం దండగ. మీ ఫ్లాటు గోడ మీద చెయ్యి వేయండి, సిమెంటుగా మారిన జగ్గయ్యపేట తగిలినా తగలొచ్చు.

నందిగామ వైపు కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. మీ పిల్లలు "వావ్, రెడ్ కార్పెట్!" అని డ్రోన్ ఎగరేస్తారు. రైతు కూడా పైకే చూస్తుంటాడు, మబ్బు పడితే పట్టాలు కప్పాలని. తాలు కాయలు ఏరే ఆడకూలీలు ముక్కుకు కొంగు కట్టుకుని తుమ్ముతుంటారు. ఆ తుమ్ము రీల్‌లో వినిపించకుండా మీరు పాట పెడతారు.

కొండపల్లి అడవిలో తెల్లపొణికి చెట్టు చూపిస్తే మీవాళ్లెవరూ గుర్తుపట్టరు. అదే చెట్టు ఏనుగు అంబారీ బొమ్మయి మీ షోకేసులో ఎన్నేళ్లుగానో నిలబడి ఉంది. మూలపాడు సీతాకోకచిలుకలు మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాయి. వాటికి గుంటూరు మిర్చి యార్డులో రేటు లేదు కాబట్టి.

దారిలో ఏ గుడి దగ్గర ఆగినా మానినా, చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర మొక్కు చెల్లించకుండా ముందుకు పోలేరు. ఆ దేవుళ్లు ఫాస్టాగ్ చూసి కరుణిస్తారు.

ఇక్కడి రాయి, కర్ర, కారం అన్నీ మీ ఇళ్లకే చేరాయి. బదులుగా ప్రతి ఆదివారం బిర్యానీ డబ్బాలు, నీళ్ల సీసాలు అడవికి ముడుతున్నాయి. ఈసారి వచ్చేటప్పుడు కొత్తగా ఏదైనా పట్టుకురండి. మిర్చికి మంచి ధరైతే మరీ సంతోషం.