ఒక గొట్టం గోడు

నా మొహం మీకు గుర్తుండదు గానీ, నా మెడకు తగిలించిన రంగు డబ్బా మాత్రం బాగా గుర్తు. నాయకుడి గడ్డం కింద, పోలీసుల ప్రెస్‌మీట్ బల్ల మీద, పోస్టుమార్టం గది గుమ్మంలో డజను డబ్బాలు తోసుకుంటూ కనిపిస్తాయే, వాటిలో ఒకదాని లోపల ఉండేదాన్ని నేను. డబ్బాను లోగో అంటారు, నన్ను గొట్టం అంటారు. కోపమొస్తే నన్ను పట్టుకున్న మనిషిని కూడా అదే పేరుతో పిలుస్తారు.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒక పల్చటి పొర, దాని వెనక తీగచుట్ట, ఒక అయస్కాంతం, పైన ఇనుప జల్లెడ. మాట తగిలితే పొర కదులుతుంది, దాంతో చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. బ్యాటరీ అడగను, తోపులాటకు బెదరను, అందుకే వీధి పనికి నాలాంటి మొరటు రకాన్నే తీసుకుంటారు. ఒక్క గుణం మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. నేను నాలుగు వైపుల నుంచీ వింటాను. అడిగేవాడి గొంతూ, జవాబు చెప్పేవాడి గొంతూ, పక్కన అరుగు మీద ముసలమ్మ సణుగుడూ నాకు ఒకటే. కత్తిరింపులన్నీ నా తీగ దాటాకే జరుగుతాయి.

మా పెద్దల కాలం వేరు. 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివినప్పుడు ఆయన ముందు టెలిప్రాంప్టర్ కూడా లేదు. ఆ వార్తల్లో సర్కారువారి మాటే ఎక్కువ, మామూలు మనిషి గొంతు తక్కువ. ఆ కొరత తీర్చడానికే మేం వచ్చామన్నారు. 2004లో రోజంతా వార్తలే నడిపే తెలుగు ఛానెల్ వచ్చింది, దాని వెనకే మరెన్నో వచ్చాయి. ఎప్పుడూ మైకు ముఖం చూడని రైతు, కూలీ, ఆశా కార్యకర్త మా ముందు మాట్లాడారు. అది చిన్న విషయం కాదు.

చిక్కంతా ఇరవై నాలుగు గంటలతో వచ్చింది. అన్ని గంటలకు సరిపడా వార్త ఏ రోజూ పుట్టదు. పుట్టనిదాన్ని సాగదీయాలి, సాగనిదాన్ని మళ్లీ మళ్లీ చూపాలి. ఎవరు ఎంతసేపు చూశారో లెక్కగట్టే మీటర్లు 2020 నాటికి దేశం మొత్తం మీద దాదాపు 44 వేల ఇళ్లలో ఉండేవి. కోట్ల మంది రాత్రి ఏం చూడాలో ఆ ఇళ్ల రిమోట్లే తేల్చేవి. ఆ ఇళ్లలో కొన్నింటికి డబ్బు ముట్టజెప్పి ఫలానా ఛానెల్ పెట్టించారంటూ ఆ ఏడాది అక్టోబరులో ముంబయి పోలీసులు కేసు పెడితే, వార్తా ఛానెళ్ల రేటింగుల ప్రకటన 2022 మార్చి దాకా ఆగిపోయింది. మార్కులు వేసేవాడు లేనప్పుడైనా అరుపులు తగ్గుతాయేమో అనుకున్నాను. అలవాటు పడిన గొంతులకు మార్కులతో పనేముంది?

దానికి చాలా ముందు, హైదరాబాదులో నేను కొత్తగా చేరిన రోజుల మాట ఇది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో పోయి నాలుగు నెలలైంది. 2010 జనవరి 7 సాయంత్రం, ఆ ప్రమాదం వెనక ఒక పెద్ద వ్యాపార సంస్థ కుట్ర ఉందని ఏదో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను కొన్ని తెలుగు ఛానెళ్లు ఎత్తుకున్నాయి. ఆధారం ఏదని అడిగే తీరిక ఎవరికీ లేదు, పక్క ఛానెల్‌లో వచ్చేసింది, అదే ఆధారం. ఆ రాత్రే రాష్ట్రంలో చాలాచోట్ల ఆ సంస్థ దుకాణాల అద్దాలు పగిలాయి. అప్పుడు నన్ను ఆ పగిలిన అద్దాల ముందు నిలబెట్టి ‘ప్రజాగ్రహం’ అని చెప్పించారు. మంట పెట్టిన కబురూ మాదే, మంట రేగిందన్న కబురూ మాదే. తరవాత అరెస్టులు, కేసులు నడిచాయి. రాళ్లు విసిరిన జనానికి మాత్రం, మీరు నమ్మినదానికి ఆధారం దొరకలేదని నన్ను పట్టుకుని ఎవరూ చెప్పలేదు.

అక్కడే నేర్చుకున్నాను మా ఇంటి విద్యలన్నీ. అన్నిటికంటే గొప్పది ప్రశ్నార్థకం. ‘భార్యే చంపింది’ అంటే కేసవుతుంది, ‘భార్యే చంపిందా?’ అంటే వార్తవుతుంది. ఏమీ లేనిచోట ఎర్ర సున్నా చుట్టి బాణం గుర్తు పెడితే ఏదో ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక డప్పు మోత కలిపితే బస్సు ఆలస్యమైనా కుట్రే. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయిలో పోయినప్పుడు ఒక తెలుగు ఛానెల్ రిపోర్టరు స్నానాల తొట్టెలో దిగి మరీ ఆమె మరణాన్ని వివరించాడు. ఆ చేతిలో నేను లేను, నా పూర్వజన్మ పుణ్యం.

నవ్వుకుని వదిలేసేవి కావు అన్నీ. 2008 నవంబరులో ముంబయి మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు కమాండోలు ఎక్కడెక్కడ దిగుతున్నారో ఛానెళ్లు ప్రత్యక్ష ప్రసారం చేస్తుంటే, పాకిస్థాన్‌లో కూర్చుని దాడి నడిపిస్తున్నవాళ్లు అదే టీవీలో చూస్తూ ఫోన్లో తమవాళ్లకు సూచనలిచ్చారు. ఆ ప్రసారాలు దేశానికీ సమాజానికీ చేసిన సేవ కావని, వ్యాపార ప్రయోజనం కోసం చేసినవేనని సుప్రీంకోర్టు 2012లో, ఆ దాడిలో పట్టుబడిన కసబ్ కేసు తీర్పులో తప్పుబట్టింది. ఉగ్రవాదులతో పోరు నడుస్తుండగా ప్రత్యక్ష ప్రసారం కూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో రాయడానికి 2015 దాకా పట్టింది. ప్రాణాలు పణంగా ఉన్నాయని తెలిసి కూడా కెమెరా తిప్పుకోలేని మాకు, ఒక మామూలు మనిషి పరువు ఏపాటి అడ్డు?

కొన్నాళ్లకు కొత్త సరుకు రాగానే నన్ను జిల్లాలకు తోలేశారు. శ్రీకాకుళం జిల్లా పలాస వైపు ఒక స్ట్రింగర్ చేతికి చేరాను. జీతం లేదు. నా కోసం అతనే డిపాజిట్ కట్టాడు, పండక్కి పండక్కి ప్రకటనలు తెచ్చివ్వాలన్నది ఒప్పందం. పెట్రోలు అతనిదే, కెమెరా అతనిదే, ఆఖరికి నన్ను తుడిచే జేబురుమాలు కూడా అతనిదే. ఇలాంటి మనిషిని నిష్పాక్షికంగా ఉండమని చెప్పడం సులువు. ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టరు వేసిన రోడ్డు గురించి అతనేం అడగగలడు?

అయినా నా బతుకులో మంచి రోజులంటే అతని దగ్గరివే. ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవాళ్ల దగ్గరికి నన్ను పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లేవాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు నాకు పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి తిప్పాడు. కరెంటు లేదు, తాగునీరు లేదు, అధికారి రాలేదు అని ఒక్కొక్క ఊరూ నాతో చెప్పింది. ఆ గొంతులు పైదాకా వెళ్లాయి. ఉద్దానం గోడు ఎందరో విలేకర్లు, డాక్టర్లు, ఉద్యమకారులు ఏళ్ల తరబడి వినిపించగా, 2023 డిసెంబరు నాటికి ఆ పల్లెలకు మంచినీటి పథకం, పలాసకు కిడ్నీ ఆసుపత్రి వచ్చాయి. అందులో నా పాలు చిటికెడే కావచ్చు. ఒకసారి చూపి వదిలేసి ఉంటే ఆ చిటికెడు కూడా ఉండేది కాదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, వదిలేసిన కథ కూడా నా దగ్గర ఒకటుంది.

ఆ దగ్గర్లోనే ఒక హాస్టల్లో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. మేం వెళ్లేసరికి వంటమనిషి గుమ్మంలో కూలబడి ఉంది. హైదరాబాదు డెస్క్ నుంచి ఫోను. “విషం కోణం ఉందా బ్రదర్? ఆవిడ ఏడుపు పడిందా?” స్ట్రింగర్ నన్ను ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె చాలాసేపు మాట్లాడింది. “నానేటీ సెయ్యనేదు బాబూ. ట్యాంకు కడిగి నాలుగు నెల్లయింది. నీలు వాసనొత్తన్నాయని వార్డెను గోరికి సెప్పేను. ఎవులూ ఇన్నేదు బాబూ.” ప్రతి అక్షరం పట్టి పైకి పంపాను. సాయంత్రం తెర మీద మిగిలింది మొదటి వాక్యం, ఆ తరవాత ఏడుపు. కింద ఎర్ర పట్టీ మీద ‘విషం కలిపిందా?’ చూశారుగా, మా ప్రశ్నార్థకం.

ఆమె పని పోయింది. పరీక్షల రిపోర్టు వచ్చేసరికి తప్పు నీళ్లదని తేలింది. స్ట్రింగర్ మంచివాడే, వెంటనే డెస్క్‌కు ఫోను చేశాడు. “అది పాతదైపోయింది, ఇవాళ వేరేది నడుస్తోంది” అన్నారు. రెండోసారి అడిగితే అతని డిపాజిట్ సంగతి గుర్తు చేశారు. ఊళ్లో ఏ హోటలూ ఆమెను వంటకు పెట్టుకోలేదు. టీవీలో చూసిన ముఖం కదా! ఆమె మీద నాలుగు నిమిషాల బ్రేకింగ్ వేసినవాళ్లకు, కాదని చెప్పడానికి నాలుగు సెకన్ల స్క్రోలింగ్ దొరకలేదు.

దీనికి అడ్డుకట్టలు లేకపోలేదు. ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికల వరకే గనక, ఛానెళ్లవాళ్లే 2008లో జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఒక ప్రమాణాల సంస్థ పెట్టుకున్నారు. అది సభ్యులైన ఛానెళ్లకే వర్తిస్తుంది, జరిమానా మహా అయితే లక్ష రూపాయలు ఉండేది. ఛానెల్‌కు లక్ష ఒక లెక్కా అని 2023లో సుప్రీంకోర్టే అడిగింది. 2021 నిబంధనల ప్రకారం ఎవరైనా ముందు ఛానెల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వాళ్లు పదిహేను రోజుల్లో తేల్చాలి, కాకపోతే పై మెట్టుకు వెళ్లొచ్చు. ఆ వంటమనిషికి ఈ మెట్లున్నాయని ఎవరు చెప్పాలి? చెప్పాల్సింది నేనే. నన్నేమో అప్పటికే మరో గుమ్మంలో మరో ఏడుపు కోసం పెట్టారు.

చివరికి నా వంతూ వచ్చింది. ఛానెల్ చేతులు మారింది, లోగో మారింది. పాత డబ్బా పీకి వెనక్కి తీసుకున్నారు, డిపాజిట్ మాత్రం వెనక్కి రాలేదు. స్ట్రింగర్ ఇప్పుడు చొక్కాకు తగిలించుకునే గోరంత మైకుతో సొంతంగా యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. డెస్క్ లేదు, అడిగేవాడు లేడు, కానీ థంబ్‌నెయిల్ మీద మా ప్రశ్నార్థకం మాత్రం చెక్కుచెదరలేదు. నన్ను గడువు తీరిన ఐడీ కార్డులతో, చిక్కుపడ్డ చార్జర్లతో కలిపి సొరుగులో పడేశాడు. తీగ ఒకచోట తెగింది, జల్లెడకు తుప్పు పట్టింది. తుపానులో కవరు తొడిగి కాపాడిన మనిషే, ఇప్పుడు చార్జరు వెతుక్కునేటప్పుడు నన్ను పక్కకు నెడతాడు.

మధ్యలో కొన్నాళ్లు అతని కొడుక్కి ఆటవస్తువునయ్యాను. వాడు నన్ను పట్టుకుని నానమ్మ మీదికి దూసుకొచ్చేవాడు. “చెప్పండి! లడ్డూలు మీరే తిన్నారా? ప్రజలు అడుగుతున్నారు!” ఆమె నోరు తెరిచేలోపే లేని కెమెరా వైపు తిరిగి, “చూశారుగా, సమాధానం లేదు” అనేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. ఎనిమిదేళ్లవాడు ప్రశ్న అడగడం మా దగ్గరే నేర్చాడు, జవాబు వినక్కర్లేదని కూడా మా దగ్గరే నేర్చాడు. పెద్దవాళ్లు ఇంకా ముందే నేర్చుకున్నారు. పెళ్లిళ్లలో, టీకొట్ల దగ్గర, ఇంటి వాట్సాప్ గుంపుల్లో ఒకరి మీద ఒకరు అరుచుకునే తీరు వింటుంటే నాకు మా రాత్రి తొమ్మిది గంటల చర్చే గుర్తొస్తుంది.

మొన్న పాత సామాన్లు కొనేవాడు నన్ను చేతిలో తూచి, “ఇందులో అయస్కాంతం ఉంటుందా?” అని అడిగాడు. ఉంటుంది నాయనా. పొర కూడా బాగానే ఉంది. తెగిన తీగ అతకడానికి పట్టే ఖర్చు కూడా తక్కువే. నన్నెవరైనా కొంటే ముందు ఆ వంటమనిషి ఇంటికి తీసుకెళ్లమంటాను. ట్యాంకు గురించి ఆమె చెప్పినదంతా మళ్లీ చెప్పించి, ఈసారి కత్తిరించకుండా వెయ్యమంటాను. రేటింగు రాదంటారు. రాకపోనీ. ఆమెకు మళ్లీ వంటపని దొరికితే చాలదా?