అమెరికా ఇంటికి ఇస్నాపూర్ పంచాయితీ

ఇస్నాపూర్ చౌరస్తాలో రోడ్డు దాటడానికి ధైర్యం ఒక్కటే చాలదు, కాస్త రేఖాగణితం కూడా రావాలి. ముంబై హైవే మీంచి పాశమైలారం వైపు తిరిగే నలభై అడుగుల ట్రైలర్‌ ముందుభాగం ఎటు పోతోందో చూసి అడుగు వేసేవాడు ఊరికి కొత్త. మాలాంటి పాతకాపులం వెనక చక్రాలనే చూస్తాం. ఇంజన్ ఎంత వెడల్పుగా తిరిగినా, వెనక చక్రాలు మూల కోసుకుంటూ లోపలికే వస్తాయి. ఆ లోపల ఒక ఆటో, ఒకరిద్దరు బైకువాళ్లు, మిర్చి బజ్జీల బండి ఎప్పుడూ ఉంటాయి. ట్రైలర్ తిరగడం పూర్తయ్యేలోగా, అవతల నిలబడ్డ మనిషితో సైగల మీదే పెళ్లి సంబంధం మాట్లాడేసుకోవచ్చు.

నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తాను. ట్రైలర్లతో నాకున్న బంధుత్వమల్లా చలాన్ మీద సంతకం. కానీ టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బామ్మర్ది లెక్కలో, ఇస్నాపూర్‌లో అద్దెకున్న ప్రతివాడూ ట్రైలర్ ఇంజనీరే. పోయిన వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున ఫోన్ చేశాడు.

"బావా, ఇల్లు కొన్న."

"మళ్లానా?"

"ఇది చక్రాల మీద పోతది బావా."

ఫొటోలు పంపాడు. హాలు, సోఫా, వంటిల్లు, ఫ్రిజ్, బాత్రూము, ముందువైపు నాలుగు మెట్లెక్కితే పడగ్గది. ఫిఫ్త్ వీల్ క్యాంపర్ అంటారట. ఎవరో వదిలించుకుంటుంటే చవగ్గా వచ్చిందని కొనేశాడు. చిక్కేమిటంటే, ఇలాంటి ఇంటిని కారు వెనక కొక్కేనికి తగిలించుకుని పోవడం కుదరదు. పడగ్గది కింద వేలాడే కింగ్‌పిన్‌ను, పికప్ ట్రక్కు డబ్బాలో వెనక ఇరుసు మీద బిగించిన ప్లేటులో కూర్చోబెట్టాలి. మావాడికి ఉన్నదేమో ఏడు సీట్ల కారు. ప్లేటు పెట్టవలసిన చోట మా అత్తగారు కూర్చుంటారు.

ఇప్పుడెవరో డాలీ అనే ఉపాయం చూపించారట. రెండు చక్రాల చిన్న బండి, దాని నెత్తిన ప్లేటు. దాన్ని కారు వెనక బిగిస్తారు, ఇంటి పిన్ను వచ్చి దాని మీద కూర్చుంటుంది. "బరువంత దాని చక్రాలే మోస్తయంట. కారుకు తెల్వనే తెల్వదంట. నువ్వు ఒక్కసారి అక్కడి డ్రైవర్లను అడిగి చెప్పు బావా." అమ్మేవాణ్ణి అడిగాడు, వీడియోలన్నీ చూశాడు, చివరికి సుప్రీంకోర్టుకు వచ్చాడు.

సుప్రీంకోర్టు హైవే పక్కన, ట్రైలర్లు లోడు కోసం ఆగే చోట, చాయ్ బండి దగ్గర కూర్చుంటుంది. ఆ రోజు ధర్మాసనం మీద జహీరాబాద్ డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. పక్కనే వెల్డింగ్ మేస్త్రీ. కాస్త ఎడంగా, తన ట్రైలర్ నీడలో స్టవ్వు వెలిగించి రొట్టెలు కాలుస్తున్న రాజస్థాన్ డ్రైవర్. ఫోన్ ముగ్గురి చేతులూ తిరిగింది. మొదటి ప్రశ్న ఉస్తాద్‌ది.

"సార్, మీ బామ్మర్దికి అక్కడ ఇల్లు లేదా?"

"ఉంది. నాలుగు బెడ్రూములు."

"మరి గిదెందుకు?"

సెలవులు వస్తే దీన్ని ఏ అడవికో చెరువు గట్టుకో లాక్కెళ్లి, అక్కడ జాగా కిరాయికి తీసుకుని, కరెంటూ నీళ్లూ తగిలించుకుని, వండుకు తిని, పడుకుని వస్తారని చెప్పాను. ఉస్తాద్ ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి పిండి పిసుకుతున్న రాజస్థాన్ ఆయన్ను చూశాడు.

"అంటే గీ భాయ్ చేస్తున్న పనే గద సార్! గీయనకు జీతమిచ్చి చేపిస్తున్నరు, మీ బామ్మర్ది ఎదురు పైసలిచ్చి చేస్తున్నడు."

హిందీలో విషయం విన్న రాజస్థాన్ ఆయన ఒక్కటే అడిగాడు: బాత్రూం కూడా బండిలోనే ఉంటుందా అని. ఉంటుందన్నాను. ఆ తర్వాత ఎవరెన్ని జోకులు వేసినా, ఆ మనిషి అమెరికాను ఒక్క మాట అననివ్వలేదు.

నిజానికి ఈ ట్రైలర్ల వంశం మొదలైందే విహారయాత్రతో. 1914లో డెట్రాయిట్‌లో ఒక కలప వ్యాపారికి తన పడవను వేసవి విడిదికి తీసుకుపోవాలని బుద్ధి పుట్టింది. ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఆయన ఫోర్డ్ మోడల్ టీ కారుకు వెనక చక్రాల బండి ఒకటి కట్టించి ఇచ్చాడు. పడవ దిగాక వ్యాపారి బుర్ర ఊరుకుంటుందా? దాని మీదే కలప తోలడం మొదలుపెట్టాడు. ఫ్రూహాఫ్ కొన్నాళ్లకు కొలిమి వదిలి ట్రైలర్ల కంపెనీ పెట్టాడు. ఈ కథ చెబితే ఉస్తాద్ చాయ్ చప్పరించి, "అయితే మొదలు పిక్నిక్కే. నడుమ మనం దొరికినం" అన్నాడు.

మేస్త్రీకి చరిత్రతో పనిలేదు. పిన్ను సైజెంత అని అడిగాడు. రెండంగుళాలు అనగానే లేచి నిలబడ్డాడు. "గదే పిన్ను!" ఇస్నాపూర్‌లో స్టీల్ కాయిల్స్ మోసే ట్రైలర్‌ కిందా, టెక్సాస్‌లో మా బామ్మర్ది మంచం కిందా ఒకే మందం పిన్ను ఉందంటే నాకూ ఎందుకో గర్వంగానే అనిపించింది. "డ్రాయింగ్ తెప్పియ్యున్రి సార్. డాలీ నేనే చేస్త, సగం ధరకు. ఓడలెక్కిద్దాం." మేస్త్రీ చేసిన డాలా గొళ్లెం పోయిన నెల నుంచి పడటం లేదని ఉస్తాద్ గుర్తుచేశాకే ఆ ఎగుమతి ఆగింది.

అసలు తీర్పు ఉస్తాదే చెప్పాడు. ఎడ్లబండిలో బరువు ముందుకు సర్దితే ఎడ్ల మెడ మీద పడుతుంది, ఇదీ అంతే. ఫిఫ్త్ వీల్ ఇంటి బరువులో 15 నుంచి 25 శాతం దాకా పిన్ను మీదే ఉంటుంది. ఇల్లు 5 టన్నులైతే కారు వీపు మీద దాదాపు టన్ను. అలాంటి కారు కొక్కెం మోసేది మూడు నాలుగు వందల కిలోలు. డాలీ కాపాడేది ఆ మెడను.

"మెడ బరువు తీస్తది, ఒప్పుకుంట. గుంజుడు బరువెవడు తీస్తడు? దిగుడుల బ్రేకు కొడితే ఐదు టన్నులు ఎన్కకెల్లి తోస్తది, అప్పుడు డాలీ ఏమంటది? దాని బరువు అదనం. దాని టైర్ల గాలి అదనం."

రివర్స్ సంగతి అడిగాను. చెరకు సీజన్‌లో ట్రాక్టర్‌ వెనక రెండు ట్రాలీలు కట్టినవాడి బతుకు ఉస్తాద్‌కు తెలుసు. ఒక కీలైతే స్టీరింగ్ ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. రెండు కీళ్లైతే అది ఎటు పోతుందో దాన్నే అడగాలి. చాయ్ గ్లాసును కారు చేసి, బిస్కెట్ ప్యాకెట్‌ను డాలీ చేసి, నా ఫోన్‌ను ఇల్లు చేసి చూపించాడు. ఇల్లు చాయ్‌లో పడబోయింది. ఇక్కడ డాలీ తయారుచేసినవాళ్లకు న్యాయం చేయాలి. దాన్ని కారుకు రెండుచోట్ల బిగించి, పక్కలకు ఊగకుండా చేసి, కింది చక్రాలే తిరిగేలా పెట్టారు కాబట్టి కీలు ఒక్కటే మిగులుతుంది. ఉస్తాద్ వీడియో మళ్లీ చూసి, "తెలివైనోళ్లే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం కష్టం.

మన దగ్గరా ట్రైలర్ వెనక ట్రైలర్ కట్టే రోడ్ ట్రైన్‌లకు 2020లో కేంద్రం 25.25 మీటర్ల పొడవు వరకు అనుమతిచ్చిందని చెబితే మాత్రం కోర్టు నిశ్శబ్దమైపోయింది. "మన చౌరస్తాల తిరిగితే దాని మూతి పాశమైలారంల, తోక ముత్తంగిల ఉంటది" అన్నాడు మేస్త్రీ.

రాత్రి బామ్మర్దికి ఫోన్ చేసి తీర్పు చదివి వినిపించాను: డాలీ మంచిదే, కానీ లాగేదీ ఆపేదీ కారే, ఇంటికి తగ్గ బండి కాదది. శ్రద్ధగా విన్నాడు. "అయితే డాలీ వద్దు బావా. ట్రక్కే కొంట" అన్నాడు. ఇల్లు అమ్మేసెయ్ అని చెప్పినట్టు నాకు గుర్తు. వెనక నుంచి మా చెల్లెలు ఏదో అంది, లైను కట్టయింది.

ట్రక్కు వచ్చింది. ఇంటిముందు క్యాంపర్ నిలపకూడదని కాలనీ సంఘంవాళ్లు నోటీసూ ఇచ్చారు. ఊరి బయట నెలకింతని కిరాయి కట్టి దాన్ని పెట్టాడు. మొన్న చాయ్ బండి దగ్గర ఉస్తాద్ అడిగితే ఇదంతా చెప్పాను.

"ఇల్లున్నది, బండున్నది, జాగున్నది. లోడెప్పుడంట?"

"పిల్లల సెలవులకు. డిసెంబర్‌లో."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. "అప్పటిదాన్క హాల్టింగ్ పైసలు ఎవరిస్తరు సార్?"