పురము పాడు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

నురుగు పలకను గోడగా నునుపు గోసి
రేకు ముద్దను దొర్లించి రేగగొట్టి
జిగురు కలిపిన మసిపూసి చివర కొనల
పొడిగ బూడిద నద్దుము, పురము పాడు!

అవతారిక

ఈ పద్యం ఏ ప్రబంధంలోదీ కాదు, చాటువు. కర్త ఎవరో తేలలేదు. వ్యాఖ్యాత మీద కొందరికి అనుమానం ఉంది గాని, ఆ మాట వ్యాఖ్యాతనే అడగడం మర్యాద కాదు. విషయం మాత్రం స్పష్టమే. బొటనవేలి కణుపంత మనుషులూ, వాళ్ళకు తగ్గ రాక్షసులూ కత్తులు దూసి నిలబడడానికి కావలసిన కొండలూ కోటలూ చేత్తో చేసి రంగులు వేసే విద్య ఇది. ఆడేవాళ్ళు దీన్ని టెర్రైన్ అంటారు. చూసేవాళ్ళు అనేవి వేరే ఉన్నాయి, ఇక్కడ అప్రస్తుతం.

శాస్త్రం ఎత్తుకునే ముందు అధికారి ఎవరో చెప్పాలి. ఖాళీ అట్టపెట్టె పారేయడానికి చెయ్యి రానివాడు ఇందులో అధికారి. దగ్గుమందు సీసా మూత చూసి ‘ఇది సారాపీపాకు సరిపోతుంది’ అనుకునేవాడు ఉత్తమాధికారి. మూత కోసం మందు ముందే తాగేసేవాడికి ఈ శాస్త్రం చాలదు, వైద్యశాస్త్రం కావాలి. ఇక ప్రయోజనం ఏమిటని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. పూర్వాచార్యులెవరూ దానికి జవాబు చెప్పలేదు కనుక మేమూ చెప్పం.

ఆ పూర్వాచార్యుల్లో ఒకడు హెచ్.జి. వెల్స్. కాలయంత్రం కథ రాసినాయనే. 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’, 1913లో ‘లిటిల్ వార్స్’ అని నేలమీద ఆడే ఆటల గురించి రెండు పుస్తకాలు వేశాడు. సీసపు సిపాయిలను బారులు తీర్చి, స్ప్రింగు ఫిరంగితో చెక్కముక్కలు పేల్చి వాళ్ళను పడగొట్టడం ఆట. తొలిరోజుల్లో యుద్ధభూమి కట్టడానికి ఆయన ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం సంపుటాలు నేలమీద పేర్చాడు. ఆ సంపుటాలు అంత చురుగ్గా పనిచేసిన ఇళ్ళు తక్కువే ఉంటాయి. తరువాత 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాక సిపాయిల పక్కన మంత్రగాళ్ళూ రెక్కల పాములూ చేరారు. 1975లో లండన్‌లో ముగ్గురు మిత్రులు ఆటలకు కావలసిన చెక్కబోర్డులు చేసి అమ్ముకుందామని గేమ్స్ వర్క్‌షాప్ పెట్టారు. 1983లో అదే కంపెనీ ‘వార్‌హామర్’ విడుదల చేసింది. ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉంటూ, 2024 డిసెంబరులో లండన్ షేర్ మార్కెట్లోని అగ్రశ్రేణి వంద కంపెనీల జాబితాలోకి ఎక్కింది. అట్టముక్కల విద్య అంత దూరం పోయింది.

ప్రతిపదార్థం

నురుగు పలకను = ఫోము బోర్డును (థర్మోకోలు కాదు, ఆ భేదం ముందు చెప్పబోతాం); గోడగా = కోటగోడ అగునట్లు; నునుపు గోసి = కొత్త బ్లేడుతో నున్నగా కోసి; రేకు ముద్దను = నిన్న హోటలువాడు పరోటాలు చుట్టి ఇచ్చిన వెండిరంగు రేకును నూనె తుడిచి ఉండచేసి, ఆ ఉండను; దొర్లించి = గోడమీద అటూ ఇటూ నొక్కుతూ దొర్లించి; రేగగొట్టి = అంత శ్రమపడి తెచ్చిన నునుపును చెడగొట్టి; జిగురు కలిపిన = ఫెవికాల్ కలిపినట్టి; మసి = నల్లరంగును; పూసి = సందుసందునా దట్టంగా పూసి; చివర = అది ఆరిన తరువాత; కొనల = రాళ్ళ అంచులయందు; పొడిగ = కుంచెలో తడి లేకుండ; బూడిదన్ = బూడిదరంగును; అద్దుము = తగిలీ తగలనట్లు తాకింపుము; (అట్లు చేసినచో) పురము = పట్టణము; పాడు = పాడుపడినది అగును.

తాత్పర్యం

ఓ ఓపికగల పురుషుడా! ముందు చక్కగా కట్టుము. కట్టినదానిని చెడగొట్టుము. చెడినదానికి మసి పూయుము. మసిమీద దుమ్ము పట్టించుము. పిమ్మట దానిని చూచి ‘ఆహా, వెయ్యేండ్లనాటి కోట!’ అని నీవే ఆశ్చర్యపడుము. ఇతరులు పడుదురో లేదో కవి చెప్పలేదు.

విశేషాంశాలు

నురుగు పలక: థర్మోకోలుకూ దీనికీ తల్లి ఒకటే, పాలిస్టైరీన్. పెంపకంలో తేడా. పూసలను ఆవిరిపట్టి ఉబ్బించి ఒకటిగా అతికితే థర్మోకోలు. కరిగించిన ముద్దలో వాయువు ఎక్కించి పలకగా బయటికి నెట్టితే ఎక్స్‌పీఎస్. ఇళ్ళ కప్పులకు వేడి దిగకుండా ఈ రెండోదాన్ని వేస్తారు. థర్మోకోలును కోస్తే పూసలు రాలి చొక్కాకు, మోచేతికి, చివరికి కనురెప్పలకు కూడా అంటుకుంటాయి. దులిపినా పోవు. ఎక్స్‌పీఎస్‌లో పూస లేదు, అంతా సన్నని గుల్లే. మామూలు బాల్‌పెన్నుతో గీస్తే గీత లోపలికి దిగి, దిగినట్టే ఉండిపోతుంది. అడ్డంగా బారులు గీసి, బారుకు బారుకు మధ్య నిలువుగీతలను తప్పించి గీస్తే ఇటుకల వరస. పెన్ను వెనకవైపుతో అక్కడో ఇటుకను ఇక్కడో ఇటుకను కాస్త లోపలికి నొక్కితే, కట్టిన మేస్త్రీ మీద అనుమానం పుట్టేంత సహజంగా ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే పలక తెగదు, పీక్కుపోతుంది. కవి ‘నునుపు గోసి’ అన్నాడు గనుక కొత్త బ్లేడు అర్థాపత్తి వల్ల సిద్ధిస్తోంది.

రేకు ముద్ద: నలిపిన రేకు మడతల్లో రెండు ఒకేలా ఉండవు. అందుకే దొర్లించినచోటల్లా రాతి గరుకు కొత్తగా పడుతుంది. ఉండను పట్టు మార్చకుండా ఒకేవైపు దొర్లిస్తే మాత్రం అదే మచ్చ వరసగా అచ్చుపడి, రాతిగోడ కాస్తా అద్దకం చీర అవుతుంది.

మసి: మసిపూసి మారేడుకాయ చేయడం అని లోకంలో నింద. ఈ శాస్త్రంలో అదే విధి. ఎందుకో చెప్పాలి. నిజమైన కోటలో రాళ్ళ సందున నీడ తనంత తానే ఉంటుంది. జానెడు గోడకు ట్యూబులైటు కింద అంత నీడ పుట్టదు, గీతలోకి కూడా వెలుగు దూరిపోతుంది. కాబట్టి నీడను రంగుగా వేయాలి, వెలుగునూ రంగుగానే వేయాలి. సందుల్లో మిగిలిన మసి నీడ, అంచులకు అంటిన బూడిద వెలుగు. కుంచెను రంగులో ముంచి, పాతగుడ్డ మీద తుడిచి, తుడిచి, ఇక రంగు లేదనిపించాక గోడమీద విసురుగా ఆడిస్తే, ఎత్తుగా ఉన్న అంచులకే రంగు పడుతుంది. డ్రైబ్రష్ అంటే ఇదే. ఓర్పులేక ఒక తుడుపు తగ్గించినవాడికి కోట రాదు, సున్నం కొట్టిన గోడ వస్తుంది.

నీళ్ళలా పలుచని ముదురురంగును పైన పోసి సందుల్లోకి జారనివ్వడం ఇంకో పద్ధతి, దాన్ని వాష్ అంటారు. గేమ్స్ వర్క్‌షాప్ అమ్మే ‘నల్న్ ఆయిల్’ ఇందుకు ప్రసిద్ధం. నల్న్ అన్నది వార్‌హామర్ ఆటలోని కల్పిత నగరం. పామరుడు వేసిన బొమ్మ కూడా ఇది పోయగానే పండితుడు వేసినట్టు కనిపిస్తుంది గనుక ఆటగాళ్ళు దీన్ని ‘సీసాలో పోసిన ప్రతిభ’ అని ముద్దుగా పిలుచుకుంటారు. తక్కిన కళలకు ఇలాంటి సీసా లేకపోవడం విచారకరం.

పచ్చిక గురించీ మంచు గురించీ పద్యం మౌనం. మంచుకోసం వంటసోడాలో జిగురు కలిపి చల్లేవాళ్ళున్నారు. కొన్నాళ్ళకు అది పసుపెక్కుతుంది. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

పురము పాడు: పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. పూర్వపక్షి అడుగుతాడు: ‘అయ్యా, ఆ లోకాల్లో ఒక్క కోటకూ కప్పు ఉండదేం? నాలుగు గోడలూ నిలిచిన ఇల్లు కనబడదేం? అంతటా మొండిగోడలేనా?’ కొందరు వ్యాఖ్యాతలు రాక్షసులు కూల్చారన్నారు. కొందరు కాలమహిమ అన్నారు. కథారసికులు ప్రాచీన మహాసామ్రాజ్యం ఒకటి పతనమైందని, ఆ కథ వేరే పుస్తకంలో ఉందని, అది కొనుక్కోవాలని చెప్పారు. ఇవేవీ నిలవవు. అసలు కారణం మనిషి చెయ్యి.

ఆటలో బొమ్మను ఇంటి లోపలికి నడిపించాలి. కప్పు ఉంటే చెయ్యి దూరదు. నాలుగు గోడలుంటే చెయ్యి దూరినా వేళ్ళు ఆడవు, పట్టుకున్న బొమ్మ పక్కవాణ్ణి పడగొడుతుంది. రెండు గోడలు మూలగా కలిసి, పైఅంతస్తు సగమే మిగిలి ఉంటే అంతటా చెయ్యి అందుతుంది. ఎదుటివాడి బాణం నుంచి దాక్కోవడానికి గోడ ఉన్నట్టూ ఉంటుంది. ఆట అయ్యాక ఒక మూలను ఇంకో మూలలో ఇమిడ్చి పెట్టెలో సర్దుకోవచ్చు. పైగా సగం ఇల్లు కడితే సగం పలకే ఖర్చు. అందువల్ల ఆ రాజ్యాలన్నీ ఆంగ్ల అక్షరం ‘ఎల్’ ఆకారంలోనే కూలాయి. ఆ లోక చరిత్రను శాసించింది ఏ చక్రవర్తీ కాదు, ఆడేవాడి బొటనవేలూ చూపుడువేలూ.

ఈ సూత్రం పట్టుకుంటే తక్కిన వింతలన్నీ విడిపోతాయి. అక్కడి తలుపులు ఎందుకంత పొడుగు? మామూలు మనిషి బొమ్మ పాదం నుంచి కంటిదాకా సుమారు 28 మిల్లీమీటర్లు. కానీ వాడు ఒట్టి పాదాల మీద నిలబడడు, గుండ్రటి బిళ్ళమీద నిలబడతాడు. పైన శిరస్త్రాణం, చేతిలో ఎత్తిన కత్తి. సరిగ్గా మనిషి కొలతకు ద్వారం పెడితే వీరులంతా నడుం వంచి యుద్ధానికి వెళ్ళాలి. అందుకని తెలిసినవాళ్ళు 40 మిల్లీమీటర్ల వరకూ వదులుతారు. ఇక ఆ వీరుల తలలూ చేతులూ ఒంటికి మించి పెద్దవి ఎందుకంటే, బల్లకు అవతల నిలబడ్డవాడికి కనిపించాలని. అందం గురించి కాదు.

కొండల సంగతి దీనికన్నా వివాదాస్పదం. నిజమైన కొండకు వాలు ఉంటుంది. వాలుమీద బొమ్మ నిలవదు, జారుతుంది. లోహపు బొమ్మ అయితే పడి ముక్కు దగ్గర రంగు ఊడగొట్టుకుంటుంది. ఈ బాధ పడలేక కొండను పలకమీద పలకగా మెట్లు కడతారు. అప్పుడు బొమ్మలు హాయిగా నిలుస్తాయి గాని, కొండ సంక్రాంతి బొమ్మల కొలువులా ఉంటుంది. వాలుపక్షంవారికీ మెట్లపక్షంవారికీ ఈ పోరు ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఒకవైపు వాలు, వెనకవైపు మెట్లు పెట్టి ఇద్దర్నీ సంతోషపెట్టినవాళ్ళు ఉన్నారు. మా తీర్పు మెట్లకే. కొండ చూడ్డానికయితే బద్దలుకొట్టని కొండలు బయట ఇంకా కొన్ని మిగిలాయి, వెళ్ళి చూడవచ్చు. బల్లమీది కొండ ఎక్కడానికి.

పాఠాంతరం

మూడవ పాదంలో ‘మసిపూసి’ అనే చోట ‘మసిజల్లి’ అని కొన్ని ప్రతులలో ఉంది. గణం చెడదు, యతీ చెడదు. చల్లడమంటే స్ప్రే డబ్బాతో కొట్టడమని, పని త్వరగా అవుతుందని ఆ పాఠాన్ని సమర్థించేవారి వాదం. ఛందస్సు ఒప్పుకున్నా రసాయన శాస్త్రం ఒప్పుకోదు. స్ప్రే డబ్బాలోని ద్రావకాలకు పాలిస్టైరీన్ ఆహారం. కొట్టిన కాసేపటికి గోడ మీద సన్నని బెజ్జాలు లేస్తాయి, అంచులు మెత్తబడి లోపలికి కుంగుతాయి, ఇటుక గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ‘రేగగొట్టి’ అన్న కవి ఉద్దేశం ఇంత దూరం కాదు. జిగురు కలిపిన రంగును కుంచెతో పూసి ఆరనిస్తే పలకమీద గట్టి పొర కడుతుంది. గోరు తగిలినా సొట్ట పడదు. కవి ‘జిగురు కలిపిన’ అని పనిగట్టుకుని విశేషణం వేసింది ఇందుకే. స్ప్రే డబ్బాలో జిగురు ఎవరు కలుపుతారు? కనుక ‘మసిజల్లి’ లేఖక ప్రమాదం. ఆ పాఠం తమ ప్రతిలో ఉన్నవారు అక్షరం కొట్టివేసి ‘మసిపూసి’ అని దిద్దుకోవలసిందిగా మనవి. ఇప్పటికే చల్లినవారు పద్యం చివరి రెండు మాటలు చదువుకుంటే చాలు.