అరవై తొమ్మిదో గేటు బరువు

విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం పూట ఆగి సెల్ఫీలు దిగేవాళ్లు నీళ్లను చూస్తారు, ఇంద్రకీలాద్రిని చూస్తారు, గేట్ల కింద లేచే నురగను చూస్తారు. నన్ను చూడరు. 70 గేట్లున్నాయని పిల్లలకు చెప్పే తండ్రి కూడా వాటిని ఎత్తేటప్పుడు సాయం పట్టేది ఎవరో చెప్పడు. నేను కాంక్రీటు దిమ్మను. ఇంజనీర్ల భాషలో కౌంటర్ వెయిట్‌ని. 69వ గేటు నాది.

గేటు అంటే 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు పలక. దాని బరువంతా యంత్రం మీదే వేస్తే యంత్రం అలిసిపోతుంది. అందుకని అటు గేటు, ఇటు నేను. గేటు పైకి లేస్తే నేను కిందికి దిగుతాను, గేటు దిగితే నేను లేస్తాను. ఏతం తొక్కిన ఊళ్ల వాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. ఈ దిగడం సంగతి మాత్రం కాస్త గుర్తుంచుకోండి, నా కథంతా అక్కడే ఉంది.

మాకు ముందు ఇక్కడ ఆనకట్ట ఉండేది. కాటన్ దొర పథకం ప్రకారం కెప్టెన్ ఓర్ 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తి చేశాడు. దగ్గర దగ్గర వందేళ్లు డెల్టాకు అన్నం పెట్టి, 1952 వరదకు గండి పడింది. అప్పుడుగాని ఈ బ్యారేజీ ఆలోచన కదల్లేదు. 1954లో పని మొదలై 1957కి ముగిసింది. నిల్వ చేసేది మూడు టీఎంసీలే. శ్రీశైలం, సాగర్‌ల పక్కన పెడితే చెప్పుకోదగ్గ నిల్వ కాదు. కానీ సుమారు 13 లక్షల ఎకరాల సాగు ఈ మూడు టీఎంసీల మట్టం మీదే ఆధారపడి ఉంది.

ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ ఉంటుంది. 2021 నాటి డ్యాం సేఫ్టీ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఆ చట్టం లెక్కలో బ్యారేజీ కూడా డ్యామే. 2024 వేసవిలో ఒక కుర్ర ఏఈ గారు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. వెనకే మా లస్కరు, గ్రీజు చేతులతో. రోప్‌లో తీగలు తెగాయా, చక్రాలు తిరుగుతున్నాయా, నా ఒంటి మీద బీటలున్నాయా, అన్నీ చూశాడు. వేలి గోరుతో నా అంచు గీకి, రాలిన సున్నప్పొడిని ఊది, ఏదో రాసుకున్నాడు.

“క్లాసు ఒకటి అంటే ఫస్టు క్లాసులో ఉన్నట్టేనా సార్?” అనడిగాడు లస్కరు, రిజిస్టరులోకి తొంగి చూసి.

“కాదు బాబాయ్. డ్యాము తెగితే కిందున్నోళ్లకు ఎంత నష్టమో చెప్పేది క్లాసు. నాలుగున్నాయి. నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. డ్యాము ఒళ్లు ఎలా ఉందో చెప్పేది కేటగిరీ. మూడున్నాయి. అందులో ఒకటోది అన్నిటికన్నా అధ్వానం, తెగిపోయేంత లోపాలున్నది. రెండోదానికి పెద్ద మరమ్మతులు తొందరగా చెయ్యాలి. మూడోదానికి చిల్లర మరమ్మతులు.”

“ఒకదాంట్లో అంకె పెరిగితే భయం, ఇంకోదాంట్లో తగ్గితే భయం. ఎవరు పెట్టారు సార్ ఇలా?”

ఏఈ నవ్వాడు. “నీ ఇల్లెక్కడ?”

“కృష్ణలంకండీ. మా అమ్మాయి బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో చేస్తది.”

“మరి క్లాసులో రాసేది మీ ఇల్లూ, ఆ షాపే బాబాయ్. ఇక్కడి కాంక్రీటు కాదు.”

బెంజ్ సర్కిల్ని నేను చూడలేదు. రెండు హైవేలు కలిసే చోటని, ఫ్లైఓవర్ వేసినా హారన్లు తగ్గలేదని విన్నాను. అక్కడ కొత్తగా ఒక అపార్ట్‌మెంటు లేస్తే ఇక్కడ నాలో ఇసుక రేణువు కూడా కదలదు, కానీ మా లెక్క బరువెక్కుతుంది. ఎంత దృఢంగా ఉన్న కట్టడానికైనా ఈ లెక్క తప్పదు. చిన్నదాన్నీ వదలదు. చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మాకన్నా తక్కువ నీళ్లు పట్టేది. 2021 నవంబరు 19న మట్టికట్ట తెగితే పులపత్తూరు, మందపల్లి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు చైను తెగి గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వెళ్లి, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దింపించి ఆపారు. ఆ వార్త విని మా లస్కరు రోప్‌లకు ఇంకో విడత గ్రీజు పూశాడు. మంచిదే. కానీ నా వంతు రోప్ వల్ల రాలేదు.

సెప్టెంబరు 1న వరద పెరుగుతూనే ఉంది. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. రెండూ ఎప్పుడో దాటిపోయాయి. గేట్లన్నీ ఎత్తేశారు. గేట్లు పైన ఉన్నాయంటే మేమంతా కింద ఉన్నామన్నమాట. వరద ఎంత పెద్దదైతే మేము నీటికి అంత దగ్గర. తెల్లవారుజామున ఎగువ నుంచి కట్లు తెంచుకున్న పెద్ద పడవలు వచ్చిపడ్డాయి. అవి ఎవరివి, ఎలా కదిలాయి అన్నది పేపర్లలో చాలా రోజులు నడిచింది, నాకు తెలిసింది దెబ్బే. నడుం దగ్గర విరిగాను. 67వ గేటు వాడికీ తగిలింది. వరద 11.43 లక్షల క్యూసెక్కులు తాకింది, బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. మమ్మల్ని కట్టిన లెక్క 11.90 లక్షలు. తేడా ఎంతో చూడండి.

మోకు కట్టిన పడవ ఒకటి ఎగువన ఉందన్న సంగతి నా బీటల మధ్య వెతికితే దొరకదు. అందుకే నా ఒంటి గురించి రాసినవన్నీ నిజమే అయినా, నేను విరిగాను.

బ్యారేజీ నిలిచింది. కృష్ణలంక కరకట్ట గోడ నీళ్లను ఆపింది, లస్కరు ఇంట్లోకి రాలేదు. వారం తిరక్కుండానే కన్నయ్య నాయుడు గారు ఇక్కడికీ వచ్చారు, నా బదులు ఉక్కుది వేలాడదీయడానికి. పడవల్ని లాగడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

నన్ను కోసి దింపే ముందు ఏఈ, లస్కరు వచ్చి నా విరుపు కొలిచారు. టేపు అటు చివర పట్టుకున్న లస్కరు కళ్లు ఎర్రగా ఉన్నాయి. బామ్మర్ది ఇల్లు సింగ్ నగర్‌లో. బుడమేరు వాగుకు గండ్లు పడి ఆ ఇల్లు నిలువెత్తు నీళ్లలో ఉంది.

“ఇంత కృష్ణ పోయింది, మాకేం కాలేదు సార్. ఆ వాగు ముంచేసింది. ఆ కట్టలకు క్లాసు ఎంత రాస్తారు?”

ఏఈ టేపు చుట్టుకున్నాడు. “అది మన సెక్షన్ కాదు బాబాయ్.”