మంచం కింద ఎంత జాగా?

కన్యాశుల్కం ఆడదామనుకున్న ప్రతి సమాజమూ ముందు గిరీశాన్ని వెతుక్కుంటుంది. గిరీశానికేం, మా విజయనగరంలో వీధికొకడు దొరుకుతాడు. మధురవాణి దొరకడం కాస్త కష్టం. అన్నిటికన్నా కష్టం మంచం దొరకడం.

మధురవాణి ఇంటి రంగం గుర్తుంది కదా. తలుపు చప్పుడైతే రామప్పంతులు మంచం కింద దూరతాడు. పూటకూళ్లమ్మ గొంతు వినబడగానే గిరీశమూ అక్కడికే దూరతాడు. ఆవిడ చీపురు పట్టుకొచ్చి ఒకడికి పడాల్సిన దెబ్బ ఇంకొకడికి వేస్తుంది. చదివేవాడికి కడుపుబ్బ నవ్వొస్తుంది, సెట్టు కట్టేవాడికి ఏడుపొస్తుంది. గురజాడ అప్పారావు గారు 1909 కూర్పులో ఇద్దరు పెద్దమనుషుల్ని ఒక మంచం కిందికి తోసేసి తన పని తాను చూసుకున్నారు. ఆ మంచం ఎత్తు మా నెత్తిన పెట్టారు.

బజారులో దొరికే మంచం కింద అడుగో అడుగున్నరో జాగా ఉంటుంది. అందులో పిల్లి దూరుతుంది, ట్రంకుపెట్టె దూరుతుంది, పంతులు దూరడు. పైగా ఆ వేషానికి బొజ్జ ఉన్నవాణ్ణి ఏరి మరీ తీసుకోవడం ఆనవాయితీ. పోనీ అని కోళ్ల కింద ఇటికలు పెట్టి ఎత్తు పెంచామనుకోండి, మధురవాణి కూర్చుంటే కాళ్లు నేలకందవు. అంత ఠీవి గల మనిషి కాళ్లూపుకుంటూ కూర్చుంటే మాటల్లో పదును పోతుంది. దుప్పటి కిందికి జారిస్తే లోపలున్నవాళ్ల మొహాలు జనానికి కనబడవు. పైకి లాగితే, ఎదురుగా ఉన్న ఇద్దరు మగాళ్లని పూటకూళ్లమ్మ ఎలా చూడలేదో చెప్పాలి. అందుకని దుప్పటి జనం వైపు పొట్టిగా, ఆవిడ వైపు పొడుగ్గా ఉండాలి. మంచం ఓరగా వేయాలి. నులక మంచమైతే మధురవాణి కూర్చోగానే నులక దిగి పంతులు వీపుకి తగులుతుంది. చెక్క మంచమైతే మొయ్యడానికి నలుగురు కావాలి. మనకుండేది ఇద్దరు. సరిగ్గా ఆ రంగానికి ముందు ఇద్దరూ టీకి వెళ్తారు.

ఈ నాటకం మొట్టమొదట ఆడింది మా ఊళ్లోనే, 1892లో, జగన్నాథ విలాసినీ సభ వారు. తరవాత జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు దీన్ని ఊరూరా ఆడి పేరు తెచ్చుకున్నారు. అన్నగారు రామప్పంతులు, తమ్ముడు గిరీశం. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు కాబట్టి మంచం కింద సర్దుకోవడం వాళ్లకి చిన్నప్పటి అలవాటే అయ్యుంటుందని నా అనుమానం. వాళ్ల నటన గురించి అడిగితే మా పెద్దలు గంట చెబుతారు. ఆ మంచం మోసినవాడెవరండీ అని అడిగితే కాఫీ తెప్పిస్తారు.

నా పని ఇలాంటి మంచాల గురించి పిల్లలకి చెప్పడం. రంగాలంకరణ, లైటింగు, చప్పుళ్లు, సామాను. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల కాలేజీ పిల్లలూ, నాటక సమాజాల కుర్రాళ్లూ వస్తారు. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది హీరో వేషం కోసం వచ్చి, ఖాళీ లేక నా క్లాసులో కూర్చున్నవాళ్లే. మొదటి రోజు మంచం పాఠం అవగానే ఎవడో ఒకడు లేచి, "మేస్టారూ, ఇది నాటకం క్లాసేటి, వడ్రం క్లాసేటి?" అని అడుగుతాడు. అలా అడిగినవాడి చేతికే సుత్తి ఇస్తాను. అనుమానం ఉన్నవాడు మేకు తిన్నగా కొడతాడు.

చప్పుళ్ల పాఠం వాళ్లకిష్టం. రేకు ఊపితే ఉరుము, చాటలో శనగలు చెరిగితే వాన, కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం. ఉద్దానం నుంచి వచ్చిన కుర్రాడొకడు సంచీడు చిప్పలు తెచ్చాడు. ఒక్క గుర్రం చాలురా అంటే వినడే. "అశ్వదళం ఒచ్చీసినాది మేస్టారూ" అన్నాడు. అప్పుడు మేం వేస్తున్న నాటికలో పాత్రలు ఇద్దరు, ముసలాయనా, మనవరాలూ. గుర్రం అవసరం అసలు లేదు. అయినా రిహార్సల్లో మనవరాలు కాఫీ తెచ్చినప్పుడల్లా వెనక దళం కదిలేది.

ఇంతకీ మా ప్రాంతం జనాన్ని నమ్మించడానికి ఇంత సామాను కావాలా అన్నది నన్ను ఎప్పట్నుంచో తినేస్తున్న సందేహం. తూర్పు భాగవతం చూడండి. రాత్రి, నేల, మద్దెల. ఇద్దరు మనుషులు ఒక గుడ్డ అడ్డంగా పట్టుకుంటే అదే తెర. దాని వెనక నిలబడ్డది మీసం గీసేసుకున్న పక్కూరి రైతని అందరికీ తెలుసు. గుడ్డ తీయగానే సత్యభామ. ఎవరూ కాదనరు. పాత వీధి నాటకాల్లో దివిటీ పట్టేవాడే లైటింగు డిజైనరు. ఎవరి మొహం చూడాలో వాళ్ల దగ్గరికి దివిటీ తీసుకెళ్లేవాడు. రాక్షసుడు వస్తున్నాడంటే దివిటీ మీద గుప్పెడు గుగ్గిలం పొడి కొట్టేవాడు. భగ్గున మంట. ఆ మంటకి బిల్లు లేదు, జనరేటరు లేదు. ఇంకా ముందుకెళ్తే ఆదిభట్ల నారాయణదాసు గారికి ఆ గుడ్డ కూడా అక్కర్లేకపోయింది. 1864లో అజ్జాడలో పుట్టిన ఆ మహానుభావుడు కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు పెట్టుకుని ఒక్కరే రాముడూ రావణుడూ సముద్రమూ అయిపోయేవారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే ఆయన్నే మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. నా దగ్గరికి వస్తే ఏం నేర్పేవాణ్ణో తలుచుకుంటేనే చెమటలు పడతాయి.

సముద్రాన్ని చూపించాలనే కోరిక మనకి తరవాత పట్టుకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్లు దాన్ని పరాకాష్ఠకి తీసుకెళ్లారు. మాయాబజారులో రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని మండుతాయి. దాని వెనక తీగలు, తాళ్లు, వాటిని లాగడానికి పుట్టినప్పట్నుంచీ అలవాటు పడ్డ చేతులు. అది వంశం వంశమంతా కలిసి చేసే విద్య. మా పిల్లలు యూట్యూబులో చూసి వారంలో చేసేద్దామంటారు. చేశారు కూడా. అర్జునుడి బాణం కర్ణుణ్ణి దాటి, హార్మోనియం దాటి, ముందు వరసలో ఉన్న వార్డు మెంబరు గారి కండువా దగ్గర ఆగింది. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. సన్మానం అనుకున్నాడు.

పరిషత్తు నాటికల పోటీలకి ఈ గొడవలుండవు. అక్కడ ఒకటే సోఫా ఉంటుంది. నిర్వాహకులు ఇచ్చే సోఫా, రెండు కుర్చీలు, ఒక టీపాయి. పొద్దుట జమీందారు గారి దివాణంలో ఉన్న సోఫాయే మధ్యాహ్నం అప్పులపాలైన రైతు ఇంట్లో ఉంటుంది, సాయంత్రం వృద్ధాశ్రమంలో ఉంటుంది. మూడు నాటికల్లోనూ ఎవరో ఒకరు దాని మీదే గుండె పట్టుకుని పడిపోతారు. ఒక నాటిక దిగి ఇంకొకటి ఎక్కడానికి పావుగంటో ఇరవై నిమిషాలో ఇస్తారు. అందులో పది నిమిషాలు మైకులో దాతల పేర్లు చదువుతారు. ఆ చీకట్లో, ఆ పేర్ల కింద, మేం కిటికీలు బిగిస్తుంటాం.

గోడమీద ఫొటో సంగతి వేరే చెప్పాలి. మన సాంఘిక నాటికల్లో చచ్చిపోయిన తండ్రి ఒకడు తప్పనిసరి. దండ వేసిన ఫొటో ఉండాలి. ఎవరి ఫొటో పెట్టాలి? నటుల్లో ఏ ఒక్కడూ తన తండ్రి ఫొటో ఇవ్వడు, తనది ఇమ్మంటే కొడతాడు. దేవుడి పటం పెడితే కథ మారిపోతుంది. మా సామాను కుర్రాడు తెలివైనవాడు. ఏదో ఫొటో స్టూడియోలో ఎవరూ పట్టుకెళ్లకుండా మిగిలిపోయిన ఫ్రేము ఒకటి చవగ్గా తెచ్చాడు. మంచి ఫొటో. మీసం, పంచె, బాధ్యత గల మొహం. దండ వేశాం, బొట్టు పెట్టాం, ముందు దీపం పెట్టాం. కూతురు పాత్ర ఆ ఫొటో ముందు నిలబడి "నాన్నా, నువ్వుంటే మాకీ గతి పట్టేదా" అని ఏడుస్తుండగా హాల్లో నుంచి ఒక గొంతు లేచింది. "ఓలమ్మా! అది నా ఫొటో కాదేటి?"

ఆయన్ని సముదాయించడానికి తెర వెనక్కి తీసుకొచ్చాం. కోపం లేదు పాపం. దండ తాజాగా ఉందో లేదో చూసుకున్నాడు. "బావూ, ఇంతకీ నానెలాగ సచ్చిపోనాను?" అని కథ అడిగాడు. అప్పుల్లో అని చెబితే మాత్రం ఒప్పుకోలేదు. అప్పు మాట తీసి జబ్బు పెట్టమన్నాడు.

లైటింగు విషయంలో మాకు ఒక భాగస్వామి ఉన్నాడు. ఊరవతల పొలాల్లో మోటార్లు. మేం తెల్లవారుజాము కోసం మెల్లమెల్లగా వెలుతురు పెంచుతుంటే, సరిగ్గా అప్పుడే ఎవరో మోటారు వేస్తారు. తెల్లవారవలసింది పొద్దుగూకుతుంది. నటుడు మాత్రం సూర్యుడి వైపు చెయ్యి చాపి డైలాగు చెప్పేస్తాడు. నా పిల్లలకి చెబుతాను, ఓల్టేజి మీటరు చూడకుండా సూర్యోదయం మొదలుపెట్టకండర్రా అని.

డిమ్మర్లు కొనే స్తోమత లేని రోజుల్లో ఉప్పునీళ్ల డిమ్మరు ఉండేది. కుండలో ఉప్పు కలిపిన నీళ్లు, అందులో రెండు లోహపు పలకలు, దీపానికి వెళ్లే కరెంటు ఆ నీళ్లలోంచి పోతుంది. పలకలు దగ్గరైతే వెలుతురు పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఉప్పు ఎక్కువైతే తొందరగా తెల్లారిపోతుంది. కాసేపటికి నీళ్లు వేడెక్కి పొగలొస్తాయి, పట్టుకున్నవాడికి దేవుడు గుర్తొస్తాడు. అది ప్రాణాంతకం, ఎవరూ చెయ్యకూడదు. నేను బొమ్మ గీసి చూపిస్తాను, అంతే. కానీ ఆ రోజుల్లో నాటకం రాత్రి వంటవాడికీ లైటింగు వాడికీ ఒకే డబ్బా మీద తగువు వచ్చేదన్నది మాత్రం నిజం. సాంబారు చప్పగా ఉంటే ఆ రోజు లైటింగు బ్రహ్మాండమని అర్థం.

లైటింగు అంటే తాపస్ సేన్ పేరు చెప్పకుండా క్లాసు నడవదు. 1959లో కలకత్తాలో ఉత్పల్ దత్ 'అంగార్' ఆడితే, బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చి కార్మికులు మునిగిపోతున్నట్టు వెలుతురుతోనే చూపించాడాయన. చుక్క నీళ్లు లేవు. ఇది చెబుతుంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది. చెప్పి ఆగి పిల్లల మొహాల వైపు చూశాను. గరివిడి నుంచి వచ్చిన అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ల చుట్టుపక్కల మాంగనీసు గనులు. "మేస్టారూ, పంపు పెట్టలేదేటి?" అంది.

బొబ్బిలి యుద్ధం నాటకానికి కోట తలుపు చెయ్యడం ఇంకో తలనొప్పి. 1757 నాటి గొడవ ఇప్పటిదాకా తలుపు మందాన్ని నిర్ణయిస్తుంది. బొబ్బిలిలో ఆడితే తలుపు ఎంతకీ పడకూడదు. విజయనగరంలో ఆడితే ఎంతసేపు కొడతార్రా అని జనం విసుక్కుంటారు. నేను ఒకే తలుపు చేసి లోపలి గడియ మాత్రం మారుస్తాను.

అసలు మా పిల్లల్ని ఏటా ఒక రోజు క్లాసు మానిపించి సిరిమాను చూడమని పంపిస్తాను. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి పండగ. యాభై అరవై అడుగుల చింతమాను బండికి కట్టి, చివర పూజారిని కూర్చోబెట్టి ఆకాశంలోకి ఎత్తి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం. కింద లక్షల జనం, పైకి విసిరే అరటిపళ్లు. బరువు ఎక్కడ, ఆనుడు ఎక్కడ, మీట ఎక్కడ, తాడు ఎవడి చేతిలో ఉంది, ఇవన్నీ రాసుకు రమ్మంటాను. నేను పుస్తకం పెట్టి నెల్లాళ్లు చెప్పేది అక్కడ ఒక్క మధ్యాహ్నంలో తెలుస్తుంది. ఒక్క తేడా. ఆ చింతమాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందట. నాకు ఏ దేవతా కలలోకి వచ్చి ఫలానా డిపోలో ప్లైవుడ్డు చవగ్గా ఉందని చెప్పలేదు.

ఒకసారి ఓ పరిషత్తుకి మా జట్టు వెళ్లింది. నేను ప్రాణం పెట్టి కట్టిన సెట్టు, రెండంతస్తుల పెంకుటిల్లు, నుయ్యి, గిలక, నిజంగా నీళ్లొచ్చే బొక్కెన, అంతా లారీలో బయల్దేరింది. లారీ టెక్కలి దాటాక ఆగిపోయింది. మా వంతు వచ్చేసింది. వెనక నల్లతెర, ముందు ఖాళీ నేల. నటులు లేని నూతిలో లేని బొక్కెన వేసి తోడారు. జనం చూశారు. ఒకావిడ నిట్టూర్చింది కూడా. బహుమతుల వేళ న్యాయనిర్ణేత లేచి, ఆ శూన్యంలో గ్రామీణ జీవితపు ఎడారితనాన్ని తాను చూశానని పది నిమిషాలు మాట్లాడి, ఉత్తమ రంగాలంకరణ మాకే ప్రకటించాడు. నేనే ఎక్కి తీసుకున్నాను. డిజైను నాదే కదా, లారీలో ఉంటేనేం.

మరుసటి ఏడు ఆ పోటీకి ఆరు జట్లు ఏ సామానూ లేకుండా దిగాయి. న్యాయనిర్ణేతలు తల పట్టుకున్నారు. ఆ పై ఏడు ఆహ్వాన పత్రికలో ఒక కొత్త నిబంధన అచ్చయింది: రంగాలంకరణ బహుమతికి పోటీపడే నాటికలో కనీసం ఒక్క వస్తువైనా ఉండవలెను. నిబంధనకి కట్టుబడి ఆరు జట్లూ ఒక్కో స్టూలు తెచ్చాయి.