ఒక్క శాతం క్వెరీకి టీకా తాత్పర్యం

మూలం: సెలెక్ట్ స్టేషన్, కౌంట్(*) * 100 ఫ్రమ్ ప్రయాణాలు టేబుల్‌శాంపిల్ సిస్టమ్ (1) గ్రూప్ బై స్టేషన్;

అవతారిక: దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే కనిపించేవన్నీ కోచింగ్ బోర్డులే. వాటిలో ఏదో ఒక డేటా క్లాసులో పై పంక్తి తెర మీద ఉందనుకుందాం. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు రైలు మొదలైన 2018 సెప్టెంబరు 24 నుంచి ప్రతి ప్రయాణమూ ఒక వరుసగా టేబుల్‌లో చేరిందనీ అనుకుందాం. ఏ స్టేషన్‌లో ఎందరు ఎక్కారని అడిగితే ల్యాప్‌టాప్ ఫ్యాను రొద తప్ప జవాబు రాదు. అప్పుడు పుట్టినదీ సూత్రం.

ప్రతిపదార్థం: ఫ్రమ్ ప్రయాణాలు = ప్రయాణాల టేబుల్‌లోంచి; టేబుల్‌శాంపిల్ సిస్టమ్ (1) = డిస్కు పేజీల్లో నూటికి ఒకటి చొప్పున ఎంచి; గ్రూప్ బై స్టేషన్ = స్టేషన్ వారీగా పోగులు పెట్టి; కౌంట్(*) * 100 = ఆ పోగులను లెక్కించి నూరు రెట్లు చేసి; సెలెక్ట్ = చూపుమా.

తాత్పర్యం: వందో వంతు చదివి మొత్తం చెప్పమని భావం. మూలంలో లేనిది రాయనన్నాడు మన మెదక్ సీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఈ సూత్రం మూలంలో ఉన్నదాన్నే 99 వంతులు చదవదు.

ఆక్షేపం: ఇంత కొంచెంతో నమ్మడమెలా? సమాధానం: చూడాల్సింది శాతం కాదు, చేతికొచ్చిన వరుసలెన్ని అని. యాదృచ్ఛికంగా తీసిన 10,000 వరుసలుంటే, ఏ నిష్పత్తి అయినా నూటికి 95 సార్లు ఒక శాతం అటూ ఇటూగా తేలుతుంది. టేబుల్‌లో కోటి వరుసలున్నా వంద కోట్లున్నా అంతే. పొరపాటు సగానికి దిగాలంటే మాత్రం నమూనా నాలుగింతలు కావాలి. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్లో జనపనార విస్తీర్ణాన్ని అంచనా కట్టింది ఈ ధీమాతోనే. మన సి.ఆర్.రావు 1941లో చేరింది ఆయన స్థాపించిన గణాంక సంస్థలోనే.

పాఠాంతరం: ‘సిస్టమ్’ అన్నచోట ‘బెర్నౌలీ’ అని చదివేవారున్నారు. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి రెండు పాఠాలూ చెల్లుతాయి, అర్థాలే వేరు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలకముందు మామిడి కొన్నవారికి ఇట్టే అర్థమవుతుంది. నాలుగు పెట్టెలు విప్పి వాటిలోని కాయలన్నీ చూస్తే సిస్టమ్; ప్రతి పెట్టెనూ విప్పి అక్కడక్కడా ఒక కాయ తీస్తే బెర్నౌలీ. మొదటిది చకచకా అయిపోతుంది, కానీ ఒక పెట్టెలోవన్నీ ఒకే తోటవి కావచ్చు. టేబుల్‌ను స్టేషన్ వారీగా లోడ్ చేసి ఉంటే 8 కేబీల పేజీ నిండా చైతన్యపురే ఉంటుంది, అంకె ఊగిసలాడుతుంది. రెండోది నిలకడైనదే గానీ టేబుల్ అంతా చదవక తప్పదు.

దోషం: ‘ఎన్ని వేర్వేరు కార్డులు?’ అని అడిగి నూటితో గుణించరాదు. అమీర్‌పేటలో రైలు మారి రోజూ హైటెక్ సిటీ వెళ్ళొచ్చే ఎల్.బి.నగర్ ఉద్యోగి నెలకు 40 సార్లు ఎక్కుతాడనుకోండి. ఆ నెల వరుసల్లో ఒక్క శాతం తీస్తే అతని కార్డు తగిలే అవకాశం దాదాపు 33 శాతం. నూటితో గుణిస్తే ఆ ఒక్కడు సగటున 33 మంది అవుతాడు. రైల్లో అంత రద్దీ ఎందుకో ఇప్పుడు తెలిసిందని క్లాసులో ఎవరో ఒకరు అనకపోరు.

పరిహారం: వరుసల్ని కాక కార్డుల్ని ఎంచాలి. కార్డు నంబరు హాష్ తీసి నూటికొక కార్డును పట్టుకుని, దాని ప్రయాణాలన్నీ ఉంచుకోవాలి. క్లిక్‌హౌస్‌లో టేబుల్ కట్టేటప్పుడే ఆ హాష్‌ను శాంపిల్ కీగా పెట్టుకుంటే పని సులువు. చార్జీల డబ్బు లెక్క అప్పజెప్పేవాళ్ళకు మాత్రం ఈ టీకా వర్తించదు. వాళ్ళు టేబుల్ మొత్తం మీదే క్వెరీ నడపాలి. ఈలోగా కిందికెళ్ళి చాయ్ తాగి రావచ్చు.