భరణి మూడో పాదంలో విప్లవం

మా మేనల్లుడికి కొడుకు పుట్టాడు. ఇంకా మెడ నిలవలేదు, అప్పుడే వాడి నెత్తిన ప్రపంచ కార్మికుల విముక్తి పెట్టేశారు. "పేరంటే నిప్పులా ఉండాలి మామయ్యా. పిలిస్తే వ్యవస్థ వణకాలి" అన్నాడు వాడి తండ్రి. ఏసీ పద్దెనిమిది మీద ఉంది. వణుకుతున్నది నేనొక్కణ్నే.

విప్లవ్, క్రాంతి, సమర్, చే, ఫిడెల్... ఫోన్‌లో పెద్ద జాబితాయే పోగేశాడు. జాతకాల మీద వాడికి నమ్మకం లేదట, అమ్మ బాధపడుతుందని చూపించాడట. పంతులుగారు భరణి మూడో పాదం అన్నారు. లీ, లూ, లే, లో. మూడోది 'లే'. మావాడి కళ్లు మెరిశాయి. "లెనిన్!" అని అరిచాడు. పంతులుగారు కళ్లజోడు సవరించుకుని "దీర్ఘం పడాలి నాయనా, లేనిన్ అను, సరిపోతుంది" అన్నారు. గతితర్కానికీ పంచాంగానికీ ఒక్క దీర్ఘంతో రాజీ కుదిరిపోయింది. లేనివాళ్ల పక్షాన నిలిచే పేరే కదా, 'లేని' వస్తే మాత్రం తప్పేముంది!

నయం, వీడు అశ్విని రెండో పాదంలో పుట్టలేదు. దాని అక్షరం 'చే'. గువేరా అసలు పేరు ఎర్నెస్టో. అర్జెంటీనా వాళ్ల నోట 'చే' అంటే మన 'ఒరేయ్', 'ఏమోయ్' లాంటి పిలుపు. ఆయన మాటకు ముందొకటీ వెనకొకటీ ఆ ముక్క వాడుతుంటే సావాసగాళ్లు అదే పేరుగా తగిలించారు. ఇక్కడ పిల్లాడికి అది పెట్టుకుని "ఒరేయ్ చే" అని పిలిస్తే ఒరే ఒరే అన్నట్టు. మన వ్యాకరణంలో అది తృతీయా విభక్తి అన్న సంగతి సరేసరి. గోర్కీ పేరు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. రష్యన్‌లో ఆ మాటకు అర్థం చేదు.

ఇరవై ఒకటో రోజు బారసాల. పళ్లెంలో బియ్యం పరిచారు. మావాడు బంగారపుటుంగరంతో 'లేనిన్' అని రాశాడు. రాసి ఆగితే బాగుండేది. పక్కన ఇంటి ఆనవాయితీగా వచ్చే కులం తోక రాయబోయాడు, చోటు చాలలేదు. మా అక్క గబగబా వెళ్లి ఇంకో దోసెడు బియ్యం తెచ్చి పోసింది. లెనిన్‌కి సరిపోయిన బియ్యం కులానికి సరిపోలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి ఆ తోక తనే కోసి పారేసి సుందరయ్య అయ్యాడు. మావాడు ఆ తోకే తెచ్చి లెనిన్‌కు అతికించాడు. న్యూమరాలజీ ఆయన ఫీజు పుచ్చుకుని ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో 'ఎన్' తగిలించాడు. ఆ సాయంత్రం అంట్లగిన్నెల గుట్ట చూసి పనామె రెండొందలు ఎక్కువ అడిగితే "అలవాటు చేస్తే నెత్తికెక్కుతారు" అన్నాడు లెనిన్ తండ్రి.

ఇంతకీ లెనిన్ తండ్రి ఆయనకు లెనిన్ అని పెట్టనే లేదు. పాఠశాలల ఇన్‌స్పెక్టరు ఉల్యనోవ్ గారు చర్చిలో బాప్తిస్మం ఇప్పించి వ్లాదిమిర్ అన్నారు. స్టాలిన్ ఇంట్లో జోసెఫ్. ఆ నిప్పు పేర్లు పెద్దయ్యాక వాళ్లు తగిలించుకున్నవి. మన మన్యంలో అల్లూరి పేరులో ఉన్నది రాముడే. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ తుపాకులు పట్టుకుపోవడానికి ఆ పేరేమీ అడ్డం రాలేదు. జోడేఘాట్‌లో నిజాం పోలీసులకు ఎదురు నిలిచిన కొమురం భీముడిదీ పురాణం పేరే. పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కి పంట వదలనని నిలబడినప్పుడు, ఆమె నక్షత్రం ఏ అక్షరం మీద పడిందో ఎవరూ అడగలేదు.

ఇక స్టాలిన్ల సంగతి. మద్రాసులో కరుణానిధి గారికి 1953 మార్చి 1న కొడుకు పుట్టాడు, మార్చి 5న మాస్కోలో అసలాయన పోయాడు, పేరు ఖాయమైంది. ఆ పిల్లాడు ఎదిగి, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగి, 2021లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఇల్లిల్లూ ఓట్లడగాల్సిన కష్టం మాస్కో స్టాలిన్‌కి రాలేదు. ఆయన సొంత కూతురు స్వెత్లానా ఆ పేరు మోయలేక 1957లో తల్లి ఇంటిపేరు పెట్టుకుంది. 1967లో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం మెట్లెక్కి ఆశ్రయం అడిగింది. మా లేనిన్‌కి ఢిల్లీ దాకా పోయే శ్రమ లేదు, హైదరాబాదులోనే కాన్సులేటు ఉంది. ముందు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది.

తిరుగుబాటు అంటే పెద్దవాళ్లు పెట్టినదాన్ని కాదనడం. దాన్ని కూడా పెద్దవాళ్లే నిర్ణయించి, ముహూర్తం పెట్టి, ఉంగరంతో రాసిస్తే ఇక పిల్లాడికి మిగిలేదేమిటి? బుద్ధిగా బ్యాంకు ఉద్యోగం చేసుకోవడమే వాడి తిరుగుబాటవుతుంది.

మేనల్లుడికి చెప్తే వినలేదు, మీకు చెప్తున్నాను. మన దేశంలో పేరు రాయకుండానే జననం నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేరుస్తారు. ఆ తర్వాత ఆలస్య రుసుము కడితే పదిహేనేళ్ల వరకూ గడువుంది. అంతదాకా బుజ్జిగాడు అనండి, పలుకుతాడు.